పందెము విడిచి పందెము గెలిచిన ఎరిక్ లిడ్డెల్

ధ్యానమునకు: 1 కొరింథీ 9:24-27

పౌలు భక్తుడు విశ్వాసి జీవితమును పరుగుపందెముతో పోల్చెను. ఆ పోలికకు తగినట్లు జీవించిన ఒక మిషనెరీ చరిత్రను ఈ నెల ధ్యానింతము.

ఎరిక్ లిడ్డెల్ 1902 జనవరి 16న చైనాలోని టియెంట్సిన్ పట్టణమున జన్మించెను. తలిదండ్రులు లండన్ మిషనువారు. మన తెలుగునాట కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతములలో సేవచేసినది ఆ మిషనే. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున చదువుచుండగా అతని పరుగు అందరికిని తెలిసెను. వేగమున్నది గాని క్రమము లేదు. తల వెనుకకు వాల్చి, చేతులు విసరుచు పరుగెత్తెడివాడు.

టామ్ మెక్‌కర్చర్ అను శిక్షకుడు అతనిని చేపట్టెను. కండరములు బిగిసియున్నవని కనిపెట్టి, మర్దనచేసి మెత్తబరచెను. పందెము ముగియగానే చటుక్కున నిలువరాదని నేర్పెను. తల వాల్చు అలవాటు మాత్రము తుదివరకు పోలేదు. అయినను గురువు విసుగక, శిష్యుని స్వభావమెరిగి తగిన సాధన చేయించెను.

1924 పారిస్ ఒలింపిక్ పందెములలో 100 మీటర్ల తొలి పరుగు ఆదివారమున పడెను. అది అతనికి మిక్కిలి అనుకూలమైన పందెము. ప్రభువు దినమున పరుగెత్తనని లిడ్డెల్ నెలల ముందే తెలియజేసెను. స్వదేశీయులు నొచ్చుకొనిరి, అతడు కదలలేదు. గురుశిష్యులు 400 మీటర్ల సాధనకు పూనుకొనిరి. దానికి వేగమొక్కటే చాలదు, ఓర్పు కావలెను. జూలై 9న 200 మీటర్లలో మూడవ స్థానము, జూలై 11న 400 మీటర్లలో 47.6 సెకండ్లతో బంగారు పతకము లభించెను.

1925లో ఆ కీర్తిని విడిచి చైనాకు వెళ్లి ఉపాధ్యాయుడుగా, పిమ్మట సువార్తికుడుగా పనిచేసెను. 1943లో జపానువారు అతనిని వైషీన్ శిబిరమున నిర్బంధించిరి. అచ్చట పిల్లలకు చదువు చెప్పి ఆటలాడించెను. ఆదివారము ఆటలు నడుపుటకు మొదట ఒప్పుకొనలేదు. పెద్దలు లేక పిల్లలు కొట్టుకొనగా, ఆదివారమే వచ్చి మధ్యవర్తిగా నిలిచెను. తన ఘనతకొరకు పరుగెత్తనివాడు పిల్లల సమాధానముకొరకు మైదానమున నిలిచెను. విశ్రాంతి దినము మనుష్యులకొరకే నియమింపబడెనని ప్రభువు చెప్పిన మాటను అతడు గ్రహించెను. 1945 ఫిబ్రవరి 21న, మెదడులో కణితిచేత, ఆ శిబిరములోనే ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, మన శిక్షకుడు క్రీస్తే. కూలికి పోవు సహోదరికి ఒక సాధన, కర్మాగారమునకు పోవు యువకునికి వేరొక సాధన ఆయన నియమించును. పొరుగువాని సాధన చూచి సణుగవద్దు. మన బలహీనతలు ఎరిగియే ఆయన మనలను చేపట్టెను. అనుదినము ప్రార్థనలోను వాక్యములోను ఆయనకు లోబడుదము.

ప్రార్థన: ప్రభువా, మాకు నియమించిన పరుగును నీ చిత్తప్రకారము ముగించుటకు ఓర్పు దయచేయుము. ఆమేన్.