డెనిస్ నోవెల్ ప్రిట్

సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల రైతుపోరాటమును గూర్చి నేటికిని కథలుగా చెప్పుకొనువారు గలరు. ఆ పోరాటమున ఉరిశిక్ష పడినవారి ప్రాణములకై లండను నుండి వచ్చి వాదించిన న్యాయవాదిని మాత్రము స్మరించువారు అరుదు.

ప్రిట్ 1887లో జన్మించెను. 1909లో బారిస్టరయి, 1927లో కింగ్స్ కౌన్సెల్ హోదా నందెను. 1935లో లేబరు పక్షమున పార్లమెంటు సభ్యుడయ్యెను. ఫిన్లండుపై సోవియట్ దండయాత్రను సమర్థించెనని 1940లో ఆ పక్షమాయనను బహిష్కరించెను.

మన దేశముతో ఆయనకు సంబంధము 1931లోనే కలిగెను. అంతకు ముందటి యేడు ఇర్విన్ ప్రభువు ఆర్డినెన్సు ద్వారా లాహోరున ప్రత్యేక ట్రిబ్యునలును నెలకొల్పి, దాని తీర్పుపై హైకోర్టుకు అప్పీలు లేకుండ చేసెను. ఆ ట్రిబ్యునలే భగత్‌సింగు, రాజగురు, సుఖదేవులకు ఉరిశిక్ష విధించినది. ఆర్డినెన్సు జారీచేయుటకు తగిన విపత్పరిస్థితియే లేదని ప్రిట్ ప్రీవీ కౌన్సిలున వాదించెను. దానిని నిర్ణయించు అధికారము గవర్నరు జనరలుదేయని ప్రభువులు త్రోసిపుచ్చిరి. మార్చి 23న ముగ్గురును ఉరితీయబడిరి.

ఇరువదియేండ్లు గడచెను. ప్రభుత్వము మనదయ్యెను, ప్రత్యేక ట్రిబ్యునలు మాత్రము పోలేదు. పోలీసుచర్య పిమ్మట హైదరాబాదు రాజ్యమున నేర్పడిన అట్టి ట్రిబ్యునలు 1949 ఆగస్టులో హత్యానేరములపై మరణశిక్షలు విధించెను. ఆ డిసెంబరు 12, 13, 14 తేదీలలో హైదరాబాదు హైకోర్టు వానిని స్థిరపరచెను. మరి ఆరువారములు గడచి 1950 జనవరి 26 వచ్చియుండినచో సుప్రీంకోర్టుకు అప్పీలు ద్వారము తెరచియుండెడిది. తీర్పు ముందే వెలువడినందున ఆ ద్వారము మూతపడెను. మనుష్యుని ప్రాణము పంచాంగముపై నాధారపడుట యిదియే!

అంతట ప్రిట్ మొదలగువారు హెబియస్ కార్పస్ మార్గమును బట్టిరి. నిందితులకు తగిన వకీలు సాయము లభింపలేదనియు, విచారణ విచారణయే కాదనియు వారి వాదము. 1951 మార్చిలో సుప్రీంకోర్టు దానిని నిరాకరించెను. ట్రిబ్యునలుకు అధికారమే లేకున్న జోక్యము చేసికొనవచ్చును. అధికారముండి విచారణలో లోపములు జరిగినచో వాని సవరణ అప్పీలుననే జరుగవలెను గాని హెబియస్ కార్పస్‌తో గాదని ధర్మాసనము నిర్ణయము. చట్టదృష్టిని ఇది కాదనరానిదే. కాని అప్పీలే లేనివానికి ఈ భేదము చెప్పుట, నూయి లేని యూర చేద నిచ్చుట వంటిది. తుదకు శిక్షలను యావజ్జీవముగా మార్చినది ప్రభుత్వమే, న్యాయస్థానము కాదు.

హతులైనవారి బంధువులు నేటి పాఠకులలోను ఉందురు. వారి దుఃఖము నెవరును కాదనరు. సరియైన విచారణ వారికిని రావలసినదే.

ప్రిట్ నిర్దోషి యనజాలము. 1936 నాటి మాస్కో విచారణలను న్యాయబద్ధములని ఆయన వ్రాసెను. నల్లగొండ రైతులకై కోరిన న్యాయమును స్టాలిను కోర్టులలో వెదకలేదు. ఆ మచ్చ చెరుగనిది.

పిమ్మట కెన్యాలో జోమో కెన్యాట్టా పక్షమున కపెంగురియా కోర్టున వాదించి, అచటను ఓడిపోయెను. 1972లో మరణించెను.