రాఫెల్ లెమ్కిన్: ఒక మాట కోసం ఒక జీవితం

జెనోసైడ్ అనే మాట నేడు దినపత్రిక చదివే విద్యార్థులందరికీ పరిచితమే. ఒక జాతిని గాని, ఒక మతవర్గాన్ని గాని సమూలంగా తుడిచివేయవలెనన్న సంకల్పంతో జరిపే సంహారాన్ని ఆ మాట సూచిస్తుంది. తెలుగులో జాతి నిర్మూలనమనీ, ఉర్దూలో నస్ల్‌కుషీ అనీ అంటున్నాము. అయితే ఇంత ప్రాచీనమైన పాపానికి పేరు దొరికినది 1944లో మాత్రమే. ఆ పేరు పెట్టి, దానిని ప్రపంచ ప్రభుత్వాలచేత నేరంగా ఒప్పించుటకు జీవితమంతా ధారపోసిన వారు రాఫెల్ లెమ్కిన్. ఆయన పేరు ఎరిగినవారు మాత్రం మనలో తక్కువ.

1900 జూన్ 24న నాటి రష్యా సామ్రాజ్యంలోని వోల్కోవిస్క్ పట్టణ సమీపాన ఒక యూదు రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. ఆ ప్రాంతం తరువాత పోలండుకు చెంది, నేడు బెలారుస్‌లో ఉన్నది. తల్లి బెల్లా విద్యావతి. పిల్లలకు ఇంటివద్దనే చదువు చెప్పింది. లెమ్కిన్‌కు ఆరేండ్ల ప్రాయంలో చేరువలోని బియాలిస్టోక్‌లో యూదులపై ఘోరమైన హత్యాకాండ జరిగింది. పసితనంలో విన్న ఆ వార్త ఆయన మనస్సును విడువలేదు. భాషలయందు మక్కువగల ఆయన ల్వోవ్ విశ్వవిద్యాలయంలో మొదట భాషాశాస్త్రం చదివి, అటుపిమ్మట న్యాయశాస్త్రం వైపు మరలారు.

మరలుటకు కారణముంది. 1921 మార్చిలో బెర్లిన్ వీథిలో ఉస్మానియా సామ్రాజ్యపు మాజీ మంత్రి తలాత్ పాషాను ఒక ఆర్మీనియను యువకుడు కాల్చిచంపాడు. 1915లో లక్షలాది ఆర్మీనియనుల మరణానికి కారణమైన ఉత్తర్వులు తలాత్‌వి. ఆ తలాత్‌ను ఏ న్యాయస్థానానికైనా ఎందుకు ఈడ్వలేదని లెమ్కిన్ తన ఆచార్యుని అడిగారు. అందుకు తగిన చట్టమే లేదని ఆయన బదులిచ్చారు. ఒక రైతు తన కోళ్ళను తాను చంపుకుంటే పొరుగువాడు అడ్డుపడరాదని, పడితే అది అక్రమ ప్రవేశమవుతుందని పోలిక కూడా చెప్పారు. మనుష్యులు కోళ్ళు కారు గదా అని శిష్యుడు నివ్వెరపోయాడు. ఒక్కనిని చంపితే నేరం, లక్షలమందిని చంపితే రాజుగారి సొంత వ్యవహారం! ఈ ప్రశ్న ఆయనను కడదాకా వెన్నాడింది.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మన పెద్దలు ఉస్మానియా ఖిలాఫతును భక్తిగౌరవాలతో స్మరించిన వారు. అట్టి ఇండ్లలో పెరిగిన వారికి ఈ ప్రసంగం కష్టంగా తోచవచ్చు. కాని ఆ సామ్రాజ్యంలోనే గవర్నరు పదవిలో ఉండి, ఆర్మీనియనులను తరలించే ఆజ్ఞలను ధిక్కరించిన జలాల్ బే వంటి ముస్లిములు కూడా ఉన్నారని గుర్తుంచుకొనవలెను.

వార్సాలో ప్రభుత్వ న్యాయవాదిగా ఉంటూ లెమ్కిన్ 1933లో మాడ్రిడ్ మహాసభకు ఒక ప్రతిపాదన సిద్ధం చేశారు. ఒక వర్గాన్ని నాశనం చేసేవాడు ఎక్కడ పట్టుబడినా అక్కడే విచారణకు లోబడవలెనన్నది దాని సారాంశం. హిట్లర్ అధికారానికి వచ్చిన సంవత్సరమది. పోలండు ప్రభుత్వం ఆయనను సభకు పోనీయలేదు. సభ ఆ ప్రతిపాదనను స్వీకరించలేదు. ఆరేండ్లలో పోలండే హిట్లరు చేత చిక్కింది.

1939లో ఆయన అడవుల వెంట నడిచి లిథువేనియాకు, అక్కడినుండి స్వీడనుకు చేరారు. తలిదండ్రులను వెంట రమ్మని బ్రతిమాలినా వారు ఇల్లు విడువలేదు. స్వీడనులో కూర్చుండి ఆక్రమిత దేశాలలో జర్మనులు ప్రకటించిన చట్టాలను ఒక్కొక్కటిగా సేకరించారు. తుపాకి పేలకముందే కాగితం మీద ఆ సంకల్పం కనబడుతున్నదని గ్రహించారు. సోవియట్ దేశం, జపాను మీదుగా 1941లో అమెరికా చేరి, అధ్యక్షుడు రూజ్వెల్టుకు విజ్ఞప్తి పంపగా ఓపిక పట్టుమని సమాధానం వచ్చింది. ఆ ఓపిక ఎవరి ప్రాణాలపైనో వేరుగా చెప్పనక్కరలేదు. 1944లో వెలువడిన తన పెద్ద గ్రంథంలో, జాతి అని అర్థమిచ్చే గ్రీకు పదానికి వధను తెలిపే లాటిను ధాతువును జోడించి జెనోసైడ్ అనే మాటను కూర్చారు. యుద్ధానంతరం తెలిసినది: తలిదండ్రులతో సహా ఆయన బంధువులలో 49 మంది హతులైనారు.

నూరెంబర్గు తీర్పు ఆయనకు ఆశాభంగమే కలిగించింది. ఆ న్యాయస్థానం యుద్ధంతో ముడిపడిన ఘోరాలనే విచారించింది. శాంతికాలంలో తన ప్రజలనే చంపుకునే పాలకుని సంగతి మునుపటివలెనే మిగిలిపోయింది. లెమ్కిన్ నేరుగా ఐక్యరాజ్య సమితికి పోయి, ఉద్యోగం గాని హోదా గాని లేకుండా, చేతిసంచిలో కాగితాలతో ప్రతినిధుల వెంట పడ్డారు. ఆయనను చూచి తప్పుకు పోయినవారూ ఉన్నారు. 1946లో ఆ విషయాన్ని సమితి ముందుంచిన దేశాలు మూడు: క్యూబా, పనామా, భారతదేశం. మన ప్రతినిధివర్గానికి నాయకురాలు విజయలక్ష్మీ పండిత్. పాకిస్తాను పక్షాన ఒడంబడిక చర్చలలో పాల్గొన్న బేగం షాయిస్తా ఇక్రాముల్లా, ఉర్దూ నవలా కథానికలపై లండనులో పరిశోధన గావించిన విదుషీమణి అని తెలిస్తే మా ఉర్దూ శాఖ మిత్రులు సంతోషిస్తారు. 1948 డిసెంబరు 9న పారిస్‌లో సమితి ఏకగ్రీవంగా ఒడంబడికను ఆమోదించింది. శాంతికాలంలోనైనా, యుద్ధకాలంలోనైనా ఈ నేరాన్ని నివారించుటకు, శిక్షించుటకు ప్రభుత్వాలు దాని మొదటి అధికరణంలోనే పూనుకున్నాయి. నివారించుట ముందు, శిక్షించుట తరువాత. కొద్ది దినాలకే లెమ్కిన్ జబ్బుపడి ఆసుపత్రి పాలైనారు.

మిగిలిన పదకొండేండ్లు ఒక్కొక్క ప్రభుత్వంచేత ఒడంబడికను ధ్రువీకరింపజేయుటలోనే గడిచాయి. ఆయన వివాహం చేసుకొనలేదు. అప్పులతో, అద్దె గదులలో కాలం గడిపారు. ఆశ్రయమిచ్చిన అమెరికాయే 1988 వరకు ధ్రువీకరించలేదు. మన దేశం 1959 ఆగస్టు 27న ధ్రువీకరించింది. మరునాడు, ఆగస్టు 28న, న్యూయార్క్‌లో గుండెపోటుతో లెమ్కిన్ కన్నుమూశారు. అంత్యక్రియలకు వచ్చినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినంత మందే.

ఒడంబడిక ఉన్నంత మాత్రాన ప్రాణాలు నిలువలేదు. 1994 ఏప్రిల్‌లో రువాండాలో హత్యలు చెలరేగినపుడు, అక్కడి సమితి సేనను పెంచుటకు బదులు 270 మందికి తగ్గించుటకు భద్రతామండలి తీర్మానించింది. ఆ మాట ఉచ్చరిస్తే చర్యకు పూనుకొనవలసి వస్తుందని అమెరికా అధికారులు వారాల తరబడి దానిని దాటవేశారు. సుమారు ఎనిమిది లక్షలమంది మరణించారు. ఆ మరుసటి ఏడు జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో, సమితి రక్షిత ప్రాంతమని ప్రకటించిన చోటనే, సుమారు ఎనిమిదివేల మంది ముస్లిం పురుషులు, బాలురు వధింపబడ్డారు.

ఈ స్రెబ్రెనిత్సా వ్యాజ్యంలోనే అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో ముఖ్యమైన తీర్పు చెప్పింది. ప్రమాదం తీవ్రమైనదని తెలిసిన, లేక తెలియవలసిన క్షణంనుండే ప్రభుత్వానికి నివారణ బాధ్యత మొదలవుతుంది. హంతకులపై పలుకుబడి ఎంత ఎక్కువో బాధ్యత అంత పెద్దది. ఫలితం ఎట్లున్నా, తన చేతిలోని సాధనాలన్నిటినీ వినియోగించినదా లేదా అన్నదే ప్రశ్న. సెర్బియా ఆ బాధ్యతలో తప్పినదని న్యాయస్థానం నిర్ణయించింది. పొరుగువాడు అడ్డుపడరాదన్న ఆచార్యుని కోళ్ళ ఉపమానం 86 ఏండ్లకు ఆ విధంగా త్రోసిపుచ్చబడింది.

2019 నవంబరులో పశ్చిమాఫ్రికాలోని చిన్న దేశం గాంబియా, రోహింగ్యాల పక్షాన మయన్మార్‌పై అదే ఒడంబడిక క్రింద వ్యాజ్యం వేసింది. గాంబియాకు మయన్మార్‌తో సరిహద్దు లేదు, సైన్యబలం లేదు. వ్యాజ్యానికి పూనుకున్న న్యాయశాఖామంత్రి అబూబకర్ తంబాదూ పూర్వం రువాండా నేర న్యాయస్థానంలో పనిచేసినవారు. 2020 జనవరి 23న, తుది విచారణకు ముందే, రోహింగ్యాలను కాపాడవలెనని, సాక్ష్యాలను చెరుపరాదని, చేసినదేమో నివేదించవలెనని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా మయన్మార్‌ను ఆదేశించారు.