హైదర్ అలీ

హైదర్ అలీ (1720 ప్రాంతం - డిసెంబరు 7, 1782) 18వ శతాబ్దంలో మైసూరు రాజ్యాన్ని పాలించిన సేనాని. సింహాసనంపై ఒడయార్ వంశపు రాజును ఉంచి, 1761 నుండి మరణించేవరకు అధికారమంతా తన చేతిలోనే ఉంచుకున్నాడు. టిప్పు సుల్తాన్ ఇతని కుమారుడు. హైదరుకు చదవడం, రాయడం రాదు. అయినా తుపాకిమందు, ఇనుము యుద్ధగతిని ఎలా మారుస్తాయో అతనికి తెలిసినంతగా ఆ కాలపు పాలకులలో కొద్దిమందికే తెలుసు.

== జననం, బాల్యం ==

హైదర్ జన్మస్థలం బూదికోట. ఇది చిత్తూరు జిల్లా రామకుప్పానికి పడమరగా, కర్ణాటకలోని కోలారు జిల్లాలో ఉంది. బూది అంటే బూడిద అని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. తండ్రి ఫతే మహమ్మద్ తొలుత ఆర్కాటు నవాబు కొలువులో రాకెట్లు ప్రయోగించే యాభైమంది సైనికులకు నాయకుడు. తరువాత సిరా నవాబు వద్ద చేరి, బూదికోటను జాగీరుగా పొందాడు. అతడు యుద్ధంలో మరణించినప్పుడు హైదర్ చిన్నపిల్లవాడు. తండ్రి బాకీ కింద పిల్లలను నిర్బంధించి, నగారాలో కుక్కి హింసించారని చరిత్రకారులు రాశారు.

== సైనిక జీవితం ==

1749లో దేవనహళ్ళి ముట్టడిలో చూపిన సాహసం వలన హైదరుకు మైసూరు సైన్యంలో చిన్న దళనాయకత్వం లభించింది. 1755లో దిండిగల్లు ఫౌజుదారు అయ్యాడు. అక్కడ ఫ్రెంచి నిపుణుల సహాయంతో ఆయుధశాలను నెలకొల్పాడు. అతని తరువాతి విజయాలకు పునాది ఇదే అనవచ్చు.

అప్పటి తుపాకిని ప్రతి కాల్పుకూ చేతితోనే నింపవలసి ఉండేది. సీసాన్ని కరిగించి అచ్చులలో పోసి గుండ్లు తయారుచేసేవారు. ఒక గుండును, తగినంత మందును కాగితంలో చుట్టి పొట్లం కట్టేవారు. సిపాయి ఆ పొట్లాన్ని పంటితో చించి, మందును, గుండును గొట్టం మూతి నుండి వేసి, గజంతో కూరేవాడు. గుండు గొట్టం కొలతకంటె కొద్దిగా చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే లోపలికి దిగదు, మరీ చిన్నదైతే మందు పేలిన వాయువు పక్కలనుండి పోయి గురి తప్పుతుంది. తుపాకులు ఉన్నంత మాత్రాన చాలదు, ఈ సరంజామా అంతా తడవకుండా, తరగకుండా సైన్యం వెంట నడవాలి.

1763లో బెదనూరును జయించాడు. 1767లో ఆంగ్లేయులతో మొదలైన మొదటి మైసూరు యుద్ధంలో చివరకు మద్రాసు పొలిమేరల వరకు వెళ్ళి, 1769లో వారిచేత సంధి చేయించాడు. మదనపల్లెకు ఉత్తరాన ఉన్న గుర్రంకొండ కోటను అతని బావమరిది మీర్ అలీ రజా ఖాన్ కొంతకాలం ఏలాడు. 1776లో గుత్తి, 1779లో కడప మైసూరు వశమయ్యాయి.

== ఇనుప రాకెట్లు ==

మన తారాజువ్వ వంటి రాకెట్లు భారతదేశంలో అంతకుముందే వాడుకలో ఉన్నాయి. కాగితం లేక వెదురు గొట్టంలో మందును ఎక్కువగా దట్టిస్తే గొట్టమే పగిలిపోతుంది. మైసూరు రాకెట్టు గొట్టాన్ని మెత్తని ఇనుముతో సాగగొట్టి చేశారు. సుమారు 20 సెంటీమీటర్ల పొడవు గల ఈ గొట్టం లోపలి ఒత్తిడిని తట్టుకొనేది. అందుచేత సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందును గట్టిగా కూరడం సాధ్యమైంది. దానిని పొడవైన వెదురుకర్రకు కట్టి వదిలేవారు. గురి అంత నమ్మదగినది కాకపోయినా, కిలోమీటరు దూరం దాటి వెళ్ళి గుర్రాలను, బండ్ల ఎద్దులను చెదరగొట్టేది. హైదర్ రాకెట్టు దళంలో సుమారు 1200 మంది ఉండేవారు.

== పొల్లిలూరు ==

1780 జూలైలో హైదర్ పెద్ద సైన్యంతో కర్ణాటక నవాబు రాజ్యంపైకి దిగాడు. కంచిలో ఉన్న మన్రోతో కలవడానికి గుంటూరు నుండి కల్నల్ బెయిలీ దళం బయలుదేరింది. సెప్టెంబరు 10న కంచి సమీపంలోని పొల్లిలూరు వద్ద హైదర్, టిప్పు దానిని చుట్టుముట్టారు. పోరు మధ్యలో ఆంగ్లేయుల మందుగుండు బండ్లు పేలిపోయాయి. ఇది రాకెట్ల వలన జరిగిందా, ఫిరంగి గుండ్ల వలననా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఏమైనా, మందు పోయిన దళానికి తుపాకులు కర్రలతో సమానమయ్యాయి. బెయిలీ బందీ అయ్యాడు. మన్రో తన ఫిరంగులను కంచి కోనేటిలో పడవేసి మద్రాసుకు వెనుదిరిగాడు.

ఈ విజయం నిలవలేదు. 1781లో పోర్టోనోవో, షోలింగూరు యుద్ధాలలో ఐర్ కూట్ చేతిలో హైదర్ ఓడిపోయాడు.

== మరణం, తదనంతరం ==

వీపుపై లేచిన రాచపుండు ముదిరి, చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలో 1782 డిసెంబరు 7న హైదర్ మరణించాడు. టిప్పు అప్పుడు మలబారు తీరంలో ఉన్నాడు. సైన్యం చెదరకుండా పూర్ణయ్య మొదలైన అధికారులు ఈ వార్తను దాచి, దేహాన్ని రహస్యంగా కోలారులోని తండ్రి సమాధి వద్దకు పంపారు. తరువాత దానిని శ్రీరంగపట్నం తరలించారు.

టిప్పు కాలంలో రాకెట్టు దళం మరింత పెరిగింది. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక ఆంగ్లేయులు ఈ రాకెట్లను ఇంగ్లండుకు తీసుకుపోయారు. విలియం కాన్‌గ్రీవ్ తయారుచేసిన రాకెట్లకు ఇవే ప్రేరణ. హైదర్ జయించిన బెదనూరును ఇప్పుడు నగర అంటారు. 2018లో అక్కడ ఒక పాడుబడిన బావిలో పూడిక తీస్తుండగా, మందు కూరి వాడకుండా మిగిలిన వెయ్యికి పైగా ఇనుప రాకెట్లు బయటపడ్డాయి.