గోవిందప్ప వెంకటస్వామి

గోవిందప్ప వెంకటస్వామి (అక్టోబరు 1, 1918 - జూలై 7, 2006) సుప్రసిద్ధ నేత్రవైద్యుడు, మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి వ్యవస్థాపకుడు. డాక్టర్ వి అన్న పేరుతో ప్రపంచమంతటా పరిచితుడు. కీళ్ళవాతంతో వంకర పోయిన వేళ్ళతోనే లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేశాడు. పేదవానికి చూపు రావాలంటే శస్త్రవైద్యుని నైపుణ్యం ఒక్కటే చాలదని, దానికి ముందూ వెనుకా శిక్షణ పొందిన నర్సుల పరిచర్య ఉండాలని ఆయన గ్రహించాడు. పల్లెటూరి ఆడపిల్లలను ఆ పనికి తీర్చిదిద్దడం ఆయన కృషిలో ముఖ్యమైన భాగం.

బాల్యం, విద్యాభ్యాసం

వెంకటస్వామి నాటి మద్రాసు ప్రెసిడెన్సీ దక్షిణ భాగంలో, ఎట్టయాపురం సమీపాన గల వడమలాపురం గ్రామంలో జన్మించాడు. విజయనగర, మదురై నాయకరాజుల కాలం నుండి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ప్రాంతమిది. ఆయనది వ్యవసాయం చేసుకునే నాయుళ్ళ కుటుంబం. ఐదుగురు సంతానంలో ఆయనే పెద్దవాడు. పలకలు, కాగితాలు లేని ఆ పల్లెలో పిల్లలు ఏటి ఇసుక తెచ్చి, నేలపై పరచి, దానిపై అక్షరాలు దిద్దేవారు.

దగ్గరి బంధువులైన యువతులు కాన్పు ఇక్కట్లతో మరణించడం ఆయన బాలమనసుపై గాఢమైన ముద్ర వేసింది. వైద్యుడై స్త్రీలకు ప్రసవాలు చేయాలన్న కోరిక అప్పుడే కలిగింది. మదురైలోని అమెరికన్ కళాశాలలో రసాయనశాస్త్రంలో 1938లో పట్టభద్రుడయ్యాడు. 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాల నుండి వైద్య పట్టా పొంది, సైనిక వైద్య దళంలో చేరాడు.

జబ్బు తెచ్చిన మలుపు

సైన్యంలో ఉండగా తీవ్రమైన కీళ్ళవాతం సోకింది. 1948లో సైన్యం నుండి విడుదలై, చాలాకాలం మంచానికే పరిమితమయ్యాడు. ఇతరుల సాయం లేనిదే పక్కకు ఒత్తిగిలడం కూడా సాధ్యపడని దశ అది. లేచి నడవగలిగే నాటికి చేతివేళ్ళు శాశ్వతంగా వంకర పోయాయి. ప్రసూతి వైద్యం చేయాలన్న ఆశ దీనితో అడుగంటింది.

ఆయన నిరాశ చెందక నేత్రవైద్యం వైపు మళ్ళాడు. 1951లో డిప్లొమా, 1954లో ఎం.ఎస్. పూర్తిచేశాడు. తన చేతికి అమరే విధంగా కొన్ని పరికరాలను మార్పించుకొని, కత్తి పట్టడం మళ్ళీ మొదటినుండి అభ్యసించాడు. క్రమంగా రోజుకు నూరు శస్త్రచికిత్సలు చేయగల నైపుణ్యం సాధించాడు. తండ్రి మరణానంతరం తోబుట్టువుల చదువులు, పెళ్ళిళ్ళ భారం వహించి, తాను అవివాహితుడిగానే ఉండిపోయాడు.

నేత్రవైద్య శిబిరాలు

1956లో మదురై వైద్య కళాశాలలో నేత్రవైద్య శాఖకు అధిపతి అయ్యాడు. శుక్లం వలన చూపు పోయిన గ్రామీణులు దానిని వృద్ధాప్యపు తలరాతగా భావించి ఇంటి మూల కూర్చుండిపోవడం గమనించి, వైద్యమే ఊరికి వెళ్ళాలని శిబిరాలు ప్రారంభించాడు. అప్పట్లో పాఠశాల భవనాలలోనే తాత్కాలికంగా ఏర్పాట్లు చేసి శస్త్రచికిత్సలు జరిపేవారు.

ఆనాటి పద్ధతిలో శుక్లాన్ని పొరతో సహా తీసివేసేవారు. కంటిలో కృత్రిమ కటకం అమర్చేవారు కాదు. గాయం పెద్దది కనుక రోగి కొన్ని రోజులపాటు కట్టుతో, తల కదల్చకుండా వెల్లకిల పడుకొనవలసి వచ్చేది. తల కదలకుండా ఇరువైపులా ఇసుక సంచులు పెట్టేవారు. దగ్గినా, ముక్కినా, వంగినా కంటిలో ఒత్తిడి పెరిగి కుట్లు తెగే ప్రమాదం ఉండేది. అందుచేత దగ్గు, మలబద్ధకం వంటి చిన్న బాధలను కూడా నర్సు ముందే కనిపెట్టి వైద్యునికి తెలుపవలసి ఉండేది. కళ్ళకు కట్టు ఉన్న మనిషిని తాకే ముందు పేరు పెట్టి పిలవడం, తానెవరో, ఏమి చేయబోతున్నదో చెప్పడం, అన్నం తినిపించడం, రాత్రివేళ తెలియక కట్టు లాగివేయకుండా కాపలా కాయడం కూడా నర్సుల పనులే. శస్త్రచికిత్సకు పట్టే కాలం నిమిషాలలో ఉంటే, పరిచర్యకు పట్టే కాలం రోజులలో ఉండేది.

అరవింద్ కంటి ఆసుపత్రి

1976లో ప్రభుత్వోద్యోగం నుండి పదవీ విరమణ పొందిన వెంకటస్వామి, అదే సంవత్సరం మదురైలో 11 పడకలతో ఒక చిన్న ఆసుపత్రి ప్రారంభించాడు. తాను అనుసరించే శ్రీ అరవిందుల పేరు దానికి పెట్టాడు. ఇల్లు తాకట్టు పెట్టి, కుటుంబంలోని నగలు అమ్మి డబ్బు సమకూర్చారు. చెల్లెలు డా. నాచియార్, బావమరిది డా. నంపెరుమాళ్‌సామి తదితర కుటుంబ సభ్యులు ఆయనతో కలిసి పనిచేశారు.

చెల్లించగలవారి రుసుముతో, చెల్లించలేనివారికి ఉచితంగా వైద్యం చేయడం ఈ సంస్థ విధానం. ఇరువురికీ చికిత్స చేసేది అదే వైద్యులు. గది, పడక వంటి సౌకర్యాలలోనే తేడా ఉంటుంది. కాలక్రమంలో శిబిరాలను కంటి పరీక్షలకే పరిమితం చేసి, శస్త్రచికిత్స అవసరమైనవారిని బస్సులలో ఆసుపత్రికి తెచ్చి, భోజనం, వసతి కల్పించి తిరిగి ఊరికి చేర్చే పద్ధతి స్థిరపడింది. తరువాత తేని, తిరునెల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరిలలో శాఖలు వెలిశాయి.

నర్సుల శిక్షణ

పన్నెండవ తరగతి వరకు చదివిన గ్రామీణ యువతులను ఎంపిక చేసి, రెండేళ్ళ శిక్షణ ఇచ్చే పద్ధతిని అరవింద్ సంస్థ రూపొందించింది. దీనిని తీర్చిదిద్దడంలో డా. నాచియార్ పాత్ర ముఖ్యమైనది. మార్కులకంటే ఓర్పు, దయ, శుభ్రత అనే గుణాలను ఎంపికలో ఎక్కువగా చూసేవారు.

చూపు కొలవడం, కంటి ఒత్తిడి చూడడం, కళ్ళద్దాల పరీక్ష, రక్తపోటు, చక్కెర పరీక్షలు వీరి బాధ్యత. కన్నీటి నాళంలోకి నీరు పంపి, చీము ఉన్నదేమో చూడడం కూడా వీరి పనే. అక్కడ దాగిన చీము శస్త్రచికిత్స తరువాత కంటినే పోగొట్టగలదు. శస్త్రచికిత్స గదిలో వైద్యుడు ఒక బల్లపై పని ముగించేలోగా పక్క బల్లపై మరొక రోగిని నర్సులు సిద్ధం చేసి ఉంచుతారు. అందువలన వైద్యుని కాలం వృథా కాదు. ఇంత వేగంలో నాణ్యత తగ్గకుండా ప్రతి శస్త్రచికిత్స ఫలితాన్నీ, తలెత్తిన ప్రతి ఇబ్బందినీ నమోదు చేసి సమీక్షించే అలవాటు ఉంది.

ఇంటికి పంపే ముందు జాగ్రత్తలు చెప్పేదీ నర్సులే: చేతులు కడుక్కొనిగాని కన్ను ముట్టరాదు, కింది రెప్పను లాగి అందులో మందు చుక్క వేయాలి, సీసా మొన కంటికి తగలరాదు, కన్ను నులమరాదు, నొప్పి, ఎరుపు కలిగినా, చూపు తగ్గినా వెంటనే రావాలి. రోగి మాట్లాడే భాషలో, అతని ఊరి యాసలో ఈ మాటలు చెప్పగలగడం పల్లెల నుండి వచ్చిన నర్సులకు సహజంగా అబ్బింది.

ఆరోల్యాబ్

కటకం అమర్చని రోగులు జీవితాంతం దళసరి కళ్ళద్దాలు ధరించవలసి వచ్చేది. అవి పగిలినా, పోయినా తిరిగి చీకటే. కంటిలోపల అమర్చే కటకాలు విదేశాల నుండి వచ్చేవి గనుక పేదలకు అందేవి కావు. అందుచేత 1992లో ఆరోల్యాబ్ అనే సంస్థను స్థాపించి కటకాలను మదురైలోనే తయారుచేయసాగారు. వాటి ధర దిగుమతి ధరలో చిన్న భాగం మాత్రమే కావడంతో ఉచిత రోగులకు కూడా కటకం అమర్చడం సాధ్యమైంది. రోగి మంచం పట్టి ఉండవలసిన రోజులు తగ్గిపోయి, నర్సుల పని స్వరూపం కూడా మారింది.

గుర్తింపు, మరణం

భారత ప్రభుత్వం 1973లో పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. 1993లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఈ ఆసుపత్రి పనితీరును పాఠ్యాంశంగా రూపొందించింది. వెంకటస్వామి 2006 జూలై 7న, 87 సంవత్సరాల వయసులో మదురైలో మరణించాడు. 2018లో ఆయన శతజయంతి నాడు గూగుల్ తన ముఖపుటపై ఆయన చిత్రాన్ని ఉంచింది. 2019లో తిరుపతిలో అరవింద్ ఆసుపత్రి ప్రారంభం కావడంతో ఆయన నెలకొల్పిన వైద్య విధానం ఆంధ్రప్రదేశ్‌కు కూడా విస్తరించింది.