క్వర్టీ పెట్టినాయనే మార్చాలనుకున్నాడు!

స్టీమ్ డెక్ లాంటి లినక్స్ గేమింగ్ పరికరంలో బటన్లను మీకు నచ్చినట్టు మార్చుకుంటారు కదా! క్వర్టీ కీబోర్డు సృష్టికర్తదీ అదే తపన.

క్రిస్టఫర్ షోల్స్ 1819లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. అచ్చుపని నేర్చుకుని పత్రికా సంపాదకుడయ్యాడు. 1868లో మిత్రులతో కలిసి టైప్‌రైటర్‌కు పేటెంటు పొందాడు. మొదట్లో మీటలు దాదాపు ఏబీసీడీ వరసలోనే ఉండేవి. మార్చగా మార్చగా క్వర్టీ తయారైంది. 1873లో యంత్రం రెమింగ్టన్ కంపెనీ చేతికెళ్లింది. జనం క్వర్టీకి అలవాటుపడ్డారు. షోల్స్ మాత్రం ఆగలేదు. 1890లో కన్నుమూసేలోపే ఇంకో వరసతో దరఖాస్తు పెట్టాడు. పేటెంటు 1896లో వచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది, లోకం మారలేదు.

దొరవారిసత్రం నుంచి ఇంటర్వ్యూలకు తిరుగుతున్నారా? కాలేజీ ప్రాజెక్టును రెజ్యూమెలో రాసి వదిలేయకండి. ఇప్పుడే మళ్లీ తెరవండి, మెరుగుపరచండి.