వడిసెల పట్టిన వనిత

మార్గెరీత్ ద్యురాన్ 1864లో పారిస్ నగరంలో జన్మించారు. రంగస్థల నటిగా పేరు గడించి, అనంతరం పత్రికారచన చేపట్టారు. 1896లో మహిళా హక్కుల మహాసభను పరిహసిస్తూ వ్యాసం రాయవలసిందిగా 'ల ఫిగారో' పత్రిక ఆమెను నియోగించింది. సభలో వినిపించిన వాదాల సత్యాన్ని గ్రహించిన ఆమె అందుకు నిరాకరించారు.

1897 డిసెంబరు 9న ఆమె 'లా ఫ్రోండ్' దినపత్రికను స్థాపించారు. ఫ్రెంచిభాషలో ఫ్రోండ్ అంటే వడిసెల. రచన మొదలు అక్షరాల కూర్పు వరకు సమస్తం స్త్రీలే నిర్వహించిన పత్రిక అది. కూర్పరులకు పురుషులతో సమానమైన వేతనం లభించేది. ధనాభావం వల్ల 1903లో దినపత్రికగా ఆగి, మాసపత్రికగా మారి, 1905లో మూతపడింది.

తాను సేకరించిన గ్రంథసంపదను 1931లో పారిస్ నగరానికి సమర్పించి, 1936లో ఆమె కన్నుమూశారు. ఫ్రెంచి స్త్రీలకు ఓటుహక్కు 1944లో గాని సిద్ధించలేదు. ఆమె నాటిన విత్తనానికి ఫలం ఆమె తరువాతి తరానికి దక్కింది.