దారినిచ్చిన లోహం

మట్టికుండలో పోసిన నీరు కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా చెమ్మగా బయటికి ఊరుతుంది. రాగి బిందె అలా ఊరదు. లోహపు గోడ అభేద్యమని లోకానుభవం. కాని వేడెక్కిన ఒక లోహపు గోడను హైడ్రోజన్ సునాయాసంగా దాటిపోగలదనీ, దానితో కలిసి ఉన్న ఇతర వాయువులు ఆ గోడ దగ్గరే ఆగిపోతాయనీ పందొమ్మిదో శతాబ్దంలో ఒక శాస్త్రవేత్త ప్రయోగపూర్వకంగా చూపాడు. నేడు హైడ్రోజన్‌ను శుద్ధి చేసే మిశ్రమలోహ త్వచాలకు మూలం ఆ ప్రయోగమే. ఆ శాస్త్రవేత్త థామస్ గ్రాహం. వాయు వ్యాపన నియమాన్ని చదివిన విద్యార్థులకు ఆయన పేరు సుపరిచితం. ఆ పేరు వెనుక ఉన్న జీవితం మాత్రం చాలామందికి తెలియదు.

గ్రాహం 1805 డిసెంబరులో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి వ్యాపారి. కుమారుడు మతాచార్యుడై చర్చి సేవలో జీవితం గడపాలని ఆయన ఆకాంక్ష. 1819లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరిన ఆ బాలుడు థామస్ థామ్సన్ అనే ఆచార్యుని రసాయనశాస్త్ర ఉపన్యాసాలు విని, ఆ శాస్త్రానికే మనసు అర్పించుకున్నాడు. పట్టం పుచ్చుకున్న తరువాత ఎడింబరో వెళ్ళి, అక్కడ కూడా రసాయనశాస్త్రాన్నే అధ్యయనం చేశాడు. తండ్రి ఆగ్రహించి ధనసహాయం నిలిపివేశాడు.

తండ్రి మాట జవదాటడం ఆ యువకునికి సులభం కాలేదు. తనలోని జిజ్ఞాసను అణచుకోవడం అంతకంటె కష్టమైంది. ఆ గడ్డుకాలంలో తల్లి, సోదరి మార్గరెట్ అతనికి అండగా నిలిచారు. పాఠాలు చెప్పి, వ్యాసాలు రాసి అతడు జీవనం సాగించాడు. రచనకు ప్రతిఫలంగా తొలిసారి ఆరు పౌన్లు చేతికి అందగా, ఆ సొమ్ముతో తల్లికీ, సోదరికీ కానుకలు కొన్నాడు. కాలక్రమాన తండ్రి కోపం చల్లారి ఇద్దరి మధ్య సఖ్యత కుదిరింది.

1830లో గ్రాహం గ్లాస్గోలోని ఆండర్సన్ విద్యాసంస్థలో ఆచార్యుడయ్యాడు. ఆ కాలంలోనే ఒక గాజు గొట్టం కొనను ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిరడాతో మూసి, దాని సూక్ష్మరంధ్రాల గుండా వాయువులు ఎంత వేగంతో పోతాయో ఓపికగా కొలిచాడు. వాయువుల వ్యాపన వేగం వాటి సాంద్రతల వర్గమూలాలకు విలోమానుపాతంలో ఉంటుందని 1831లో ప్రకటించాడు. ఆక్సిజన్ సాంద్రత హైడ్రోజన్ సాంద్రతకు 16 రెట్లు. కనుక హైడ్రోజన్ ఆక్సిజన్ కంటె 4 రెట్ల వేగంతో రంధ్రాలను దాటుతుంది. ఈ నియమం ఆయనకు శాస్త్రలోకంలో శాశ్వతస్థానాన్ని సంపాదించిపెట్టింది. 1837లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యపదవి లభించింది. 1841లో ఆయన లండన్ కెమికల్ సొసైటీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1855లో, పూర్వం న్యూటన్ నిర్వహించిన టంకశాల అధిపతి పదవిని స్వీకరించాడు.

పదవులు మారినా గ్రాహం మనసును పట్టి ఉంచిన ప్రశ్న మారలేదు. ఒక అడ్డు తెర దేనిని దాటనిస్తుంది, దేనిని ఆపుతుంది అన్నదే ఆ ప్రశ్న. 1861లో పార్చ్‌మెంటు కాగితాన్ని తెరగా కట్టి, ఉప్పు, చక్కెర వంటి పదార్థాలు నీటితోపాటు దానిని దాటుతాయనీ, జిగురు వంటి కొల్లాయిడ్లు దాటలేవనీ చూపాడు. ఆ ప్రక్రియకు ఆయన పెట్టిన పేరు డయాలిసిస్. మూత్రపిండాలు చెడిన రోగుల రక్తాన్ని శుభ్రపరిచే చికిత్సకు ఇప్పుడు అదే పేరు.

ఆ తరువాత ఆయన దృష్టి లోహాలవైపు మళ్ళింది. ఎర్రగా కాలిన ప్లాటినం గొట్టం గోడ నుండి హైడ్రోజన్ దాటిపోతున్నట్లు ఫ్రాన్సు శాస్త్రవేత్తలు డెవిల్, ట్రూస్ట్ 1863లో గుర్తించారు. గ్రాహం అదే ప్రయోగాన్ని పల్లాడియం గొట్టంతో చేశాడు. మామూలు ఉష్ణోగ్రత వద్ద ఏ వాయువూ దాటలేదు. సుమారు 240 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయగానే హైడ్రోజన్ లోపలికి ప్రవహించసాగింది. గొట్టం చుట్టూ బొగ్గు వాయువును నింపి చూడగా, అందులోని హైడ్రోజన్ ఒక్కటే గోడను దాటి వచ్చింది. బొగ్గు వాయువుకు సహజమైన దుర్వాసన కూడా దానికి అంటలేదు.

ఈ వింతకు కారణం రంధ్రాలు కావని గ్రాహం గ్రహించాడు. రంధ్రాలే కారణమైతే తక్కిన వాయువులు కూడా, నెమ్మదిగానైనా, దాటిపోవలసి ఉండేది. పల్లాడియం హైడ్రోజన్‌ను తనలో ఇముడ్చుకుంటున్నదని ఆయన నిర్ణయించాడు. విద్యుత్తు సహాయంతో చేసిన ప్రయోగంలో ఆ లోహం తన ఘనపరిమాణానికి 900 రెట్లకు పైగా హైడ్రోజన్‌ను పీల్చుకొన్నది. సుమారు 609 మిల్లీమీటర్ల పల్లాడియం తీగ హైడ్రోజన్ నిండగా 619 మిల్లీమీటర్లకు సాగింది. వాయువును వెడలగొట్టిన తరువాత ఆ తీగ మునుపటి పొడవుకు రాక, 599 మిల్లీమీటర్లకు కురచబడింది. వెండి, బంగారం వంటి లోహాలు కలిపిన పల్లాడియం తీగలు మాత్రం అలా కురచబడలేదు. అవి తిరిగి పూర్వపు పొడవుకే చేరాయి.

లోహంలో ఇంతగా కలిసిపోయే హైడ్రోజన్ కూడా ఒక లోహపు ఆవిరే అయి ఉండాలని గ్రాహం భావించాడు. దానికి హైడ్రోజనియం అని పేరు పెట్టి, హైడ్రోజన్ నిండిన పల్లాడియంతో 1869లో పతకాలు కూడా ముద్రింపించాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశాడు. ఆయన భౌతికకాయాన్ని స్వస్థలమైన గ్లాస్గోలో ఖననం చేశారు.

హైడ్రోజనియం భావన తరువాతి కాలంలో నిలవలేదు. అసలు జరిగేది వేరు. హైడ్రోజన్ అణువు పల్లాడియం ఉపరితలాన్ని తాకి రెండు పరమాణువులుగా విడిపోతుంది. ఆ పరమాణువులు లోహ స్ఫటికంలోని ఖాళీలలో ఒకదాని నుండి మరొకదానికి జరుగుతూ ఆవలి తలానికి చేరి, తిరిగి జంటకట్టి అణువులై బయటపడతాయి. నైట్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులకు ఆ ఖాళీలలో చోటు దొరకదు.

గ్రాహం కొలతలు మాత్రం చెక్కుచెదరలేదు. శుద్ధ పల్లాడియంతో చేసిన పొర, తక్కువ ఉష్ణోగ్రతలో హైడ్రోజన్‌ను పీలుస్తూ, విడుస్తూ ఉంటే సాగి, కుంచించుకొని, చివరకు పెళుసుబారి పగిలిపోతుంది. ఆ తీగ పొడవులోని మార్పులు సూచించిన లోపం ఇదే. దానికి విరుగుడు మిశ్రమలోహంలో లభించింది. 1950వ దశకంలో అమెరికాలో రూపొందిన త్వచాలలో పల్లాడియంకు వెండిని జోడించారు. నూటికి 23 నుండి 25 పాళ్ళ వెండి ఉన్న మిశ్రమలోహం పగుళ్ళను తట్టుకోవడమే కాక, శుద్ధ పల్లాడియం కంటె ఎక్కువ హైడ్రోజన్‌ను దాటనిస్తుంది. వాయువులో గంధకపు సమ్మేళనాలు ఉన్నచోట రాగి కలిపిన పల్లాడియం మెరుగుగా నిలుస్తుంది. పల్లాడియం చాలా ఖరీదైన లోహం కనుక, రంధ్రాలు గల పింగాణీ లేదా ఉక్కు ఆధారంపై కొన్ని మైక్రాన్ల మందం గల పొరగా దానిని పూస్తున్నారు. ఇంధన ఘటాలకు, ఎలక్ట్రానిక్ పరిశ్రమకు అవసరమైన అతిశుద్ధ హైడ్రోజన్ ఇటువంటి త్వచాల నుండి లభిస్తుంది.

గ్రాహం ఊహించిన సిద్ధాంతం సవరణ పొందింది. ఆయన కొలిచిన కొలత నిలిచింది. తన ఊహకు అనుకూలమైనా కాకపోయినా, కళ్ళెదుట కనిపించిన ప్రతి మార్పునూ నిజాయితీగా నమోదు చేయడమే అందుకు కారణం. కన్నతండ్రి కోపాన్నీ, పేదరికాన్నీ ఓర్చుకొని ఒక యువకుడు ఎంచుకున్న దారి, తరువాతి తరాల పరిశోధనకు రాజమార్గమైంది.